ఊక మూట

గోదావరి లంకల్లో ఒక ఊళ్లో చిన్న చర్చి ఉండేది. అక్కడి ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం దేవుడి పేరు చెప్పి పక్కన పెట్టేవారు. ఆదివారం ఆ మూటలు చర్చికి చేరేవి. గుమ్మం పక్కన చాప మీద కూర్చుని వాటిని అందుకునేది పుట్టుకతోనే చూపులేని ఒక ముసలమ్మ. లోపల బల్ల దగ్గర కొలిచి పుస్తకంలో రాసుకునేవాడు సంఘపెద్ద. డెబ్బై దాటినా ఆయనకు కళ్లజోడు లేదు. సన్నక్షరాల బైబిలు దీపం వెలుతురులో చదువుతాడని ఊరంతా చెప్పుకునేది; ఆ మాట ముందు ఆయనే చెప్పేవాడు లెండి.

ఆ ఏడు వరదొచ్చి అరటి తోటలు పోయాయి. కూలి పనులు ఆగిపోయాయి. ఒక ఇంటి మూట వారం వారం తేలికవుతూ వచ్చింది. ఒక ఆదివారం మళ్లీ నిండుగా వచ్చింది గానీ బరువు లేదు. ముసలమ్మ వేళ్లతో నొక్కి చూసింది. గుడ్డ కింద గింజలు జారలేదు, గరగరలాడింది. మూట ఇచ్చిన చెయ్యి వణికింది. ముసలమ్మ ఏమీ అనకుండా దాన్ని అన్నిటికీ అడుగున పెట్టింది.

సంఘపెద్ద దాన్ని విప్పాడు. లోపల ఊక. ఆరాధన అయ్యాక ఆ మూటను అందరి ముందూ ఎత్తి చూపించాడు. కానుకలో కొంత దాచుకుని అబద్ధమాడిన అననీయ సప్పీరాల సంగతి అరగంట చెప్పాడు. పుస్తకంలో ఆ ఇంటి పేరుకెదురుగా గుండ్రటి అక్షరాలతో ఊక అని రాశాడు. ఆ ఇల్లాలు తల ఎత్తలేదు.

చీకటి పడ్డాక ముసలమ్మ మనవడి భుజం పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. కొంగులో తన వారానికని ఉంచుకున్న బియ్యం ఉన్నాయి. గడపలో నిలబడితే పొయ్యి సెగ తగల్లేదు. మనవడి చేత నిప్పు రాజేయించి, ఎసరు మరిగే చప్పుడు వినబడేదాకా అక్కడే కూర్చుంది.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో 41 వచనాలుంటే, యేసు బురద చేసి కళ్లకు పూసి, సిలోయము కోనేటిలో కడుక్కోమని పంపిన పుట్టుగుడ్డికి చూపు రావడం 6, 7 వచనాల్లోనే అయిపోతుంది. తర్వాతదంతా చాలామటుకు కళ్లున్నవాళ్ల విచారణే. విశ్రాంతిదినాన బురద చేయడం పరిసయ్యులకు కనబడింది, అప్పుడే వెలుగు చూసిన మనిషి ముఖం కనబడలేదు. సంఘపెద్దకు ఊక కనబడింది, ఆకలి కనబడలేదు. ఆ గుడ్డివాడు తనకు చూపు లేదని తెలిసినవాడు కాబట్టి సిలోయము కోనేటికి నడిచాడు, పరిసయ్యుల్లో ఒక్కరైనా అటు వెళ్లినట్టు ఆ అధ్యాయంలో లేదు.