తాలు కాయలు

మాఘమాసం వచ్చిందంటే వినుకొండ చుట్టూ ఎటు వెళ్లినా మిరప కల్లాలే. తుమ్ముకుంటూ నడవాలి. మొన్న మా చిన్నాన్న కల్లానికి వెళ్తే పదిమంది ఆడకూలీలు రాశి చుట్టూ కూర్చుని తాలు ఏరుతున్నారు. మధ్యలో పట్టా మీద ఒక ఫోను, అందులో 'పెద్ది' సినిమా 'చికిరి' పాట. ఓ కూలీ కొడుకు, ఆరేళ్లుంటాయేమో, చేతిలో పుల్ల పట్టుకుని రామ్‌చరణ్‌లా అడుగు వేస్తున్నాడు. అందరూ నవ్వుతున్నారు. నా కాలూ ఊగుతోంది. ఊగుతూ ఉండగానే గుర్తొచ్చింది, ఆ అడుగులు కూర్చింది జానీ మాస్టర్ అని.

2024 సెప్టెంబరులో ఆయన మీద ఆయన దగ్గర పనిచేసిన సహాయ నృత్య దర్శకురాలు ఫిర్యాదు చేసింది. తనకు పద్దెనిమిదేళ్లు నిండకముందే లైంగిక వేధింపులు మొదలయ్యాయని చెప్పింది. పోలీసులు పోక్సో కేసు పెట్టి గోవాలో అరెస్టు చేశారు. ఆయనకు ప్రకటించిన జాతీయ అవార్డును అక్టోబరులో నిలిపేశారు. అదే నెలలో హైకోర్టు బెయిలిచ్చింది. ఆరోపణలు నిజం కాదని ఆయన వాదన. మరుసటి ఏడాది నవంబరుకల్లా 'చికిరి' ఊరూరా మోగింది.

ఇలాంటప్పుడు మనవాళ్లు వేసుకునే ప్రశ్న ఒకటే: ఆ పాట వినొచ్చా, కూడదా? నేనూ చాన్నాళ్లు దీంతోనే కుస్తీ పట్టాను. ఇప్పుడు అనిపిస్తోంది, ఈ ప్రశ్న మన చేతికిచ్చి అసలువాళ్లు పక్కకు తప్పుకున్నారని. నేను పాట ఆపేస్తే పోయేది నా సరదా. ఆ మాస్టరుకు అడ్వాన్సు ఇచ్చినవాళ్లు, ఆ అమ్మాయి పని చేసిన షూటింగులకు డబ్బు పెట్టినవాళ్లు, పాట హక్కులు కొన్నవాళ్లు ఏమన్నారు? వాళ్లను అడిగే నాథుడేడి?

అడిగినా జవాబు దొరక్కుండా ఉండే ఏర్పాటు ఒకటుంది. అది మా పల్నాడుకు కొత్త కాదు. కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కూలీలు దిగుతారు. తీసుకొచ్చేది మేస్త్రి. రైతు డబ్బిచ్చేది మేస్త్రికి, కూలీ చేయి చాచేది మేస్త్రి దగ్గర. ఏదైనా జరిగితే రైతు "నాకేం తెలుసు, మేస్త్రినడుగు" అంటాడు. తప్పు చేసింది ఆ మేస్త్రే అయితే ఇక ఎవర్నడగాలి? సినిమాలో పాట చిత్రీకరణా ఇంతే. నిర్మాత మాస్టరును మాట్లాడుకుంటాడు, మాస్టరు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. ఆ అమ్మాయి ఎవరి ఉద్యోగి? కాగితం మీద చూస్తే ఎవరి ఉద్యోగీ కాదు. పోనీ సంఘానికి వెళ్దామంటే, ఫిర్యాదు వచ్చేనాటికి తెలుగు డాన్సర్ల, డాన్సు డైరెక్టర్ల సంఘానికి అధ్యక్షుడు జానీ మాస్టరే. ఆ పదవి నుంచి తప్పించమని ఫిల్మ్ ఛాంబర్ చెప్పాల్సి వచ్చింది.

సంఘాల సంగతి గాయని చిన్మయిని అడగాలి. 2018 అక్టోబరులో ఆమె తమిళ గేయ రచయిత వైరముత్తు మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేసింది, ఆయన ఖండించారు. నెల తిరిగేసరికి చందా బాకీ ఉందంటూ డబ్బింగ్ సంఘం ఆమెనే తీసేసింది. ఫిర్యాదు చేసినామె దగ్గర మాత్రం లెక్కలు పైసలతో సహా చూస్తారు! మన దగ్గరా అదే ఏడాది నటి శ్రీరెడ్డి ఫిల్మ్ ఛాంబర్ ముందు బట్టలు విప్పి నిరసన తెలిపాక, 2019లో తెలంగాణ ప్రభుత్వం సినిమా రంగంలో వేధింపుల మీద ఒక ఉపసంఘం వేసింది. నివేదిక 2022లో చేరింది, 2024 నాటికీ బీరువా దాటలేదు. కేరళలో అక్కడి సినిమా ఆడవాళ్ల కష్టాల మీద హేమ కమిటీ ఇచ్చిన నివేదిక బయటికొచ్చాక, మనదీ బయటపెట్టండని 2024 ఆగస్టులో నటి సమంత అడిగారు.

అమెరికాలో మాత్రం ఏం ఒరిగింది? గాయకుడు ఆర్. కెల్లీ మీద లైంగిక ఆరోపణల గురించి షికాగో పత్రిక రాసింది 2000లో. రికార్డు కంపెనీ వదిలించుకున్నది 2019లో, ఓ డాక్యుమెంటరీ వచ్చి జనం తిట్టాక. మధ్యలో 2018లో స్పాటిఫై తన పాటల జాబితాల్లోంచి అతన్ని తీసేసి, పరిశ్రమ గోల చేయగానే ఆ నియమాన్నే వెనక్కి తీసుకుంది. 2022లో ముప్పై ఏళ్ల శిక్ష పడింది. ఆ ఇరవై ఏళ్లూ పాటల మీద డబ్బు వస్తూనే ఉంది.

మా ఊరివాడు, కవి జాషువా 'ఫిరదౌసి' రాశాడు. మాట తప్పిన సుల్తాను, మోసపోయిన కవి. చిన్నప్పటి నుంచి ఆ కథ మీద పెరిగిన మాకు కళాకారుడంటే ముందే జాలి. వాడి వేలు పట్టుకుని నేర్చుకుంటున్న పిల్ల కూడా కళాకారిణే అన్నది ఆలస్యంగా తడుతుంది.

కోర్టు తేల్చకముందే ఒకరి కూడు తీసేయమంటావా అని మా చిన్నాన్న అన్నాడు. న్యాయమైన మాటే. దోషి అవునా కాదా తేల్చాల్సింది కోర్టు. కానీ పదిమంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 నాటి చట్టం చెప్పడానికి ఏ తీర్పూ అక్కర్లేదు. అంతకన్నా తక్కువమంది ఉన్నా, యజమాని మీదే ఫిర్యాదైనా, జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలి. ఆ లెక్కన మా కల్లంలో కూలీకీ మా జిల్లా కేంద్రం నరసరావుపేటలో ఒక గుమ్మం ఉండాలి. 2018 డిసెంబరు సీజనులో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆరోపణలొచ్చిన ఏడుగురు విద్వాంసులను పక్కన పెట్టినప్పుడు కూడా ఏ కోర్టూ చెప్పలేదు. వేదిక తమది, ఎవర్ని ఎక్కించాలో నిర్ణయం తమది అనుకున్నారు, అంతే.

తాలు కాయ రంగు పోయి తెల్లబడుతుంది. పారేయరు. వేరే బస్తాకెత్తి గుంటూరు యార్డులో తక్కువ ధరకు అమ్ముతారు. కారప్పొడి పట్టేవాళ్లు కొంటారు. పొడి అయ్యాక ఏది ఎర్రకాయో ఏది తాలో నాలుకకు తెలీదు. కలిపినవాడికి మాత్రం తెలుసు.

ఇదంతా తాలు ఏరుతున్న ఒకామెతో అన్నాను. ఆమె చెయ్యి ఆపలేదు, తల ఎత్తలేదు. మంట పుట్టకుండా వేళ్లకు గుడ్డపేలిక చుట్టుకుంది. ఫోనులో పాట మళ్లీ మొదటికొచ్చింది. పిల్లాడు మళ్లీ మొదలెట్టాడు.

"ఆ పాట సంగతి సరే అన్నా," అంది. "ఆ పిల్లకి ఇప్పుడు పనిస్తన్నారా?"