కంపనమునకు కర్త యెవరు?

ఏదేని ఉపద్రవము సంభవించినపుడు దానికి కర్త నొకనిని నిలబెట్టి, దోషమంతయు వానిపై మోపినగాని మనకు మనసు కుదుటపడదు. ఈ అలవాటు తత్త్వవిచారమున ఎంతవరకు చెల్లునో పరీక్షింపదలచినవారికి నేను ఆవిరి పుట్టించు యంత్రములలోని గొట్టములను చూపుదును.

ప్రవాహమునకు అడ్డముగా నిలిచిన ఒంటిగొట్టము వెనుక, ఇరుప్రక్కలనుండి మార్చిమార్చి, సుడులు విడివడి పోవుచుండును. 1878లో స్ట్రౌహాల్ అను చెక్ శాస్త్రజ్ఞుడు గాలిలో మ్రోగు తీగెలను పరిశీలించి, ఆ స్వరము గాలివేగమును, తీగె మందమును అనుసరించునని తేల్చెను. సుడుల లయ గొట్టపు సహజకంపనముతో కలిసినచో గొట్టము ఊగును. ఇంతవరకు సుడియే కర్త యనుటకు అడ్డు లేదు.

చిక్కంతయు గొట్టములు గుంపుగా నున్నచోట. ఒకటి వెంట్రుకవాసి కదలినను దాని చుట్టును నీటిదారి మారును. మారిన దారి పొరుగుగొట్టమును నెట్టును. అది కదలి మొదటిదానిని నెట్టును. ఈ ఇచ్చిపుచ్చుకోలులో ప్రవాహమునుండి చేరు శక్తి గొట్టము హరింపగల శక్తిని మించిన క్షణమున, కంపనము తన్ను తానే పెంచుకొనును. 1970లో కానర్స్ ఆ హద్దువేగమునకు సూత్రము కట్టెను. అందు గొట్టపు కంపనసంఖ్య, వ్యాసము, బరువులతోపాటు, ఊపును మింగివేయు గుణమైన దమనమునకును స్థానము గలదు. కృష్ణాతీరముతో సంప్రదాయము ముడివేసిన నాగార్జునాచార్యుడు, ఏ వస్తువును తననుండి గాని, పరమునుండి గాని, ఉభయమునుండి గాని, అకారణముగా గాని పుట్టదన్నప్పుడు అది వాగ్విలాస మనుకొన్నవారు ఇచట కొంచెము ఆగవలయును. ఉభయమునుండియే పుట్టెనని ఇంజనీరు చెప్పవచ్చును. కాని వేగము హద్దు దాటనంతకాలము అవే గొట్టములు, అదే నీరు కలిసియే యున్నను కంపనము లేదు గదా!

కాలిఫోర్నియాలోని సాన్ ఓనోఫ్రే అణువిద్యుత్కేంద్రమున క్రొత్తగా అమర్చిన స్టీమ్ జనరేటర్లలో ఒక్కొక్కదానియందు 9,727 గొట్టము లుండెను. వంపు తిరిగిన పైభాగమున అవి ప్రక్కలకు ఊగకుండ, దాదాపు సందు లేకుండ, నడుమ కడ్డీలు దూర్చిరి. ఐనను మూడవ యూనిట్‌లో కొన్ని గొట్టములు ఆ కడ్డీల మధ్యనే, తమ వంపు సాగిన దిశలోనే ఊగి, ఒకదానినొకటి ఒరసికొని అరిగెను. అచట ఆవిరిపాలు హెచ్చి తడి తగ్గుటచే దమనము క్షీణించినది. కడ్డీకిని గొట్టమునకును సామీప్యమే గాని చాలినంత పట్టు లేదు. శాస్త్రములు చెంతనే యుండియు చిత్తము నిలువని పండితులను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. 2012 జనవరి 31న ఒక గొట్టము కారుటచే యూనిట్‌ను ఆపవలసివచ్చెను.

యోగిచిత్తమును గాలిలేని చోటి దీపముతో పోల్చిన గీతోపమానము ఎంత రమణీయమైనను ఇచట చాలదు. ప్రవాహము నాపిన యంత్రము యంత్రమే కాదు. నదులన్నియు వచ్చి చేరుచున్నను చలింపని సముద్రమును చెప్పిన ద్వితీయాధ్యాయమే నాకు సత్యమునకు చేరువగా తోచుచున్నది. స్థైర్యము బిగువుకంటె, వచ్చిన ఊపును లోననే లయింపజేయు శక్తియందే అధికముగా నున్నది.

రెండవ యూనిట్‌ను 70 శాతము శక్తితో మాత్రమే నడపుదుమని, అనగా వేగమును హద్దుకు దిగువన ఉంచుదుమని యజమానులు ప్రతిపాదించిరి. అది సాగలేదు. 2013 జూన్ 7న రెండు యూనిట్లను శాశ్వతముగా మూసివేయుదుమని ప్రకటించిరి.