నిర్బంధ ప్రార్థన

పందొమ్మిదో శతాబ్దపు చివరి దశకాల్లో అమెరికా కళాశాలలను కదిలించిన మతపరమైన ప్రశ్నలలో ఒకటి పైకి దినచర్యకు సంబంధించిన చిన్న విషయంగా కనిపిస్తుంది: విద్యార్థి ప్రతి ఉదయం ప్రార్థనకు విధిగా హాజరు కావాలా, లేక ఆ నిర్ణయాన్ని అతని అంతఃకరణకే విడిచిపెట్టాలా? ఆరాధన అంటే ఏమిటో తేల్చుకోకుండా దీనికి జవాబు చెప్పడం సాధ్యం కాదు.

అక్కడి పాత కళాశాలలకు ప్రార్థన పునాదిరాయి వంటిది. 1636లో హార్వర్డ్, 1701లో యేల్ స్థాపించినవారి ప్రధానోద్దేశాలలో సంఘానికి విద్యావంతులైన బోధకులను తయారుచేయడం ఒకటి. ‘చాపెల్’ అన్న మాట ప్రార్థనా మందిరానికీ, అక్కడ నిత్యం జరిగే ఆరాధనకూ కూడా పేరైంది. దానికి రాకపోవడం క్రమశిక్షణను తప్పడంగా లెక్కకెక్కేది. చివరి సంవత్సరం విద్యార్థులకు కళాశాల అధ్యక్షుడే స్వయంగా నీతిశాస్త్రం బోధించే ఆచారం చాలాచోట్ల ఉండేది. విజ్ఞానమంతా చివరకు దైవజ్ఞానంలో కలుస్తుందన్న నమ్మకం దాని వెనుక ఉంది.

1869లో హార్వర్డ్ అధ్యక్షపదవి చేపట్టిన చార్లెస్ ఎలియట్ మతాచార్యుడు కాడు, రసాయనశాస్త్రం బోధించినవాడు. విద్యార్థి తన పాఠ్యాంశాలను తానే ఎంచుకునే ఐచ్ఛిక పద్ధతిని ఆయన విస్తరించాడు. గ్రీకు చదవాలో భౌతికశాస్త్రం చదవాలో నిర్ణయించుకోగల యువకుడికి దైవప్రార్థన విషయంలో ఆ యోగ్యత లేదనడం కష్టమైంది. నిర్బంధాన్ని ఎత్తివేయమని విద్యార్థులు 1885లో అర్జీ పెట్టుకోగా పర్యవేక్షక మండలి నిరాకరించింది. మరుసటి ఏడాదే అంగీకరించింది.

ఈ మార్పును ఎదిరించినవారిలో ప్రిన్స్‌టన్ అధ్యక్షుడు జేమ్స్ మెకాష్ ముఖ్యుడు. స్కాట్లండ్‌లో పుట్టిన ఈ తత్త్వవేత్త కళాశాలలో మతానికి ఉండవలసిన స్థానం గురించి 1886లో ఎలియట్‌కు బహిరంగంగా సమాధానం చెప్పాడు. ఆ పక్షం వాదాన్ని ఛాందసమని తోసిపుచ్చడం అన్యాయం. మనిషి ముందు నమ్మి, తరువాత ఆచరించడం అరుదు. ఎక్కువమందిలో ఆచారమే మెల్లగా విశ్వాసంగా పాకానికి వస్తుంది. బుద్ధికి పదును పెట్టి ఆత్మ సంగతి పట్టించుకోని విద్యాలయం తటస్థంగా ఉన్నట్టు కాదు. దాని మౌనం కూడా ఒక బోధే అవుతుంది.

అయినా ఈ వాదం ఒకచోట నిలవదు. గణితాన్ని బలవంతంగా నేర్పినా వచ్చేది గణితమే. లెక్క సరిగా తేలిందంటే చేసినవాడి ఇష్టాయిష్టాలతో పని లేదు. ఆరాధన అలాంటిది కాదు. దాని విలువ అంతా చేసేవాడి సమర్పణలో ఉంటుంది గనుక, ఇష్టాన్ని తీసివేస్తే మిగిలేది ఆరాధన కానేకాదు. శ్రద్ధ లేకుండా చేసిన హోమమైనా దానమైనా తపస్సైనా అసత్తేనని భగవద్గీత పదిహేడో అధ్యాయం చెప్పిన మాట తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఇంట్లో తల్లి పిల్లవాడి చేతులు జోడించి దీపానికి దండం పెట్టించడం దీనికి విరుద్ధం కాదా అని అడగవచ్చు. తల్లి తాను నమ్మినదాన్నే ప్రేమతో పంచుతుంది. వేర్వేరు శాఖలకు, వేర్వేరు మతాలకు చెందిన యువకులను చేర్చుకున్న కళాశాలకు అలాంటి ఒక్క విశ్వాసం లేదు, హాజరుపట్టీ మాత్రమే ఉంది. ఇదే చిక్కు ప్రజాజీవితంలోనూ తలెత్తింది: ప్రభుత్వ పాఠశాలల్లో బైబిలు పఠనాన్ని నిలిపివేయాలని సిన్సినాటి విద్యామండలి 1869లో తీర్మానించగా ఆ వివాదం న్యాయస్థానాల దాకా వెళ్లింది.

హార్వర్డ్ నిర్బంధాన్ని మాత్రమే తీసివేసింది, ప్రార్థనను కాదు. ఫ్రాన్సిస్ పీబడీ నాయకత్వంలో వేర్వేరు శాఖల బోధకులను వంతులవారీగా పిలిచి, రమ్మని అడగడమే తప్ప రప్పించని ఆరాధనను కొనసాగించింది. అందువల్ల దీన్ని మతంపట్ల ఉదాసీనత అనడం పొరపాటు. విద్యార్థి మనసు గెలుచుకోవలసిన భారం ఇప్పుడు బోధకుడిమీద పడింది.

పదేళ్ల తరువాత, 1896లో, అదే హార్వర్డ్‌లో బోధించే విలియం జేమ్స్ యేల్, బ్రౌన్ విద్యాలయాల తత్త్వసంఘాల ముందు విశ్వసించే సంకల్పం గురించి ప్రసంగించాడు. రుజువులతో తేలని ప్రశ్న మనకు సజీవమైనదీ, తప్పించుకోలేనిదీ, జీవితాన్ని మార్చగలదీ అయినప్పుడు, హృదయం చెప్పినదాన్ని నమ్మే హక్కు మనిషికి ఉందని ఆయన వాదించాడు. ఆ ‘తప్పించుకోలేని’ ఒత్తిడి జీవితం పెట్టేది, పర్యవేక్షకుడు పెట్టేది కాదు. మెకాష్ ఆశించిన గాంభీర్యం, ఎలియట్ కోరిన స్వేచ్ఛ ఈ ఒక్క చోట కలుసుకున్నాయి. జేమ్స్ మాటలు విన్న యేల్‌లో మాత్రం నిర్బంధ ప్రార్థన 1926 వరకు రద్దు కాలేదు.