ప్రారబ్ధమూ పరిహారమూ

కర్మ సిద్ధాంతాన్ని నమ్మే మనిషి రోడ్డు ప్రమాదంలో గాయపడి నష్టపరిహారం కోరితే అది తన నమ్మకాన్ని తానే కాదన్నట్లవుతుందా అన్నది వినడానికి చిన్న ప్రశ్నే అయినా, దాని వెనక కర్తృత్వం, బాధ్యత, ఋణం అనే మూడు పెద్ద విషయాలు దాగి ఉన్నాయి. కర్నూలు నుంచి పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా కడప వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి మీద, దాని నుంచి చీలే పల్లె దారుల మీద, పనులకూ సంతలకూ మహానంది, అహోబిలం వంటి క్షేత్రాలకూ షేర్ ఆటోల్లో తిరిగేవారికి ఇది పుస్తకాల ప్రశ్న కాదు. తోటి ప్రయాణికులెవరో తెలియకుండా, డ్రైవరుకు లైసెన్సు ఉందో లేదో అడగకుండా ఎక్కే అటువంటి బండి బోల్తాపడి ఒకరి కాలు విరిగితే, పరామర్శకు వచ్చినవారు తలరాత అంటారు. కొద్ది రోజులకు వకీలు గుమాస్తా వచ్చి ఎఫ్‌ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్, ఆసుపత్రి బిల్లులు అడుగుతాడు. మొదటివారి లెక్కలో జరిగినదానికి మూలం గాయపడినవాడి పూర్వకర్మ, రెండోవాడి లెక్కలో డ్రైవరు అజాగ్రత్త. ఈ రెండు లెక్కలూ ఒకే ఇంట్లో పక్కపక్కన నడుస్తున్నాయి.

వేదాంత గ్రంథాలు కర్మను సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని మూడుగా విడదీస్తాయి. గత జన్మలలో కూడబెట్టిన మొత్తం సంచితం. అందులో ఈ జన్మలో అనుభవానికి వచ్చిన భాగం ప్రారబ్ధం. ఇప్పుడు చేస్తున్న పనుల వల్ల ముందుకు చేరేది ఆగామి. ప్రారబ్ధం అనుభవిస్తేనే తీరుతుందన్న మాటను పట్టుకుని, విరిగిన కాలు కూడా అటువంటిదే కనుక కోర్టుకెక్కడం వృథా అని వాదించేవారు కనబడతారు. అయితే ఆ వాదం సగంలోనే ఆగిపోతుంది. గాయం ప్రయాణికుడి ప్రారబ్ధమే అనుకున్నా, మద్యం తాగి బండి నడపడం డ్రైవరుకు ఆగామి. ముగ్గురు పట్టే ఆటోలో పదిమందిని ఎక్కించుకోవడం కూడా అంతే. ఒకరి పాత ఖాతా సరిపోయిందని మరొకరి కొత్త ఖాతా మాఫీ కాదు.

ఈ చిక్కును మహాభారతం ఆనుశాసనిక పర్వం ఆరంభంలోనే కథగా విప్పింది. గౌతమి అనే వృద్ధురాలి కొడుకును పాము కరిచి చంపింది. అర్జునకుడనే బోయవాడు ఆ పామును తాడుతో కట్టి తెచ్చి, దీన్ని ఎట్లా చంపమంటావని ఆమెను అడిగాడు. తాను స్వతంత్రుడిని కానని, మృత్యువు పంపితే వచ్చానని పాము చెప్పుకుంది. కుండ తయారీలో కర్ర, చక్రం కూడా కారణాలే కదా, నీవూ అటువంటి కారణానివేనని బోయవాడు బదులిచ్చాడు. అలాగైతే తప్పు అందరి కలయికలో ఉంది గాని తన ఒక్కడిదే ఎలా అవుతుందని పాము ఎదురడిగింది. మృత్యువు వచ్చి కాలం మీదికి నెట్టింది. కాలం వచ్చి, ఆ పిల్లవాడి కర్మే వాణ్ణి చంపిందని తేల్చింది. గౌతమి ఆ మాట ఒప్పుకుని పామును వదిలించింది.

ఈ కథను బాధ్యతను రద్దు చేసే కథగా చదవడం పొరపాటు. భీష్ముడు దీన్ని చెప్పింది బంధువధ చేశానని కుమిలిపోతున్న ధర్మరాజును ఊరడించడానికి; గౌతమి దాన్ని అంగీకరించింది పగ తీర్చుకోవడం వల్ల కొడుకు తిరిగి రాడని తెలిసినందుకు. కర్మ అన్న సమాధానం అక్కడ నష్టపోయిన మనిషికి శాంతినిచ్చింది. అదే మాటను పాము చెబితే వాదన మాత్రమే అవుతుంది, బోయవాడు దానికి సమాధానం చెప్పగలిగాడు కూడా. గాయపడినవాడు తన రాత అనుకుంటే అది ఓదార్పు. గాయపరిచినవాడు నీ రాత అంటే అది ఎగవేత. సిద్ధాంతం ఒక్కటే అయినా, దాన్ని పలికే హక్కు అందరికీ సమానంగా లేదు.

నేటి పరిహారం కేసుల్లో పాము వాదన దాదాపు అదే వరుసలో వినబడుతుంది. నంద్యాలలోనైనా మరెక్కడైనా మోటారు వాహన ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ముందు, అంటే ఇటువంటి దావాలు వినే ప్రత్యేక న్యాయస్థానం ముందు, డ్రైవరు తాను జీతగాణ్ణని అంటాడు. యజమాని బండికి బీమా ఉందని చూపిస్తాడు. బీమా సంస్థ లైసెన్సు లేదనో, పర్మిట్ లేదనో, పరిమితికి మించి ఎక్కించుకున్నారనో తప్పుకోజూస్తుంది. హైదరాబాదు వంటి నగరాలలో ఓలా, ఊబర్, ర్యాపిడో వంటి యాప్‌ల ద్వారా బండి పిలిపించుకుంటే ఈ వరుసలో మరో కొత్త పేరు చేరుతుంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ఇటువంటి సంస్థలను అగ్రిగేటర్లని పిలిచి, ప్రయాణికుణ్ణి డ్రైవరుతో కలిపే డిజిటల్ మధ్యవర్తులుగా నిర్వచించి, లైసెన్సు తప్పనిసరి చేసింది. కిరాయి నిర్ణయించి, దారి చూపి, కమీషన్ తీసుకునే సంస్థ ప్రమాదం జరిగినప్పుడు మాత్రం కేవలం మధ్యవర్తినని అంటే, తాను స్వతంత్రుణ్ణి కానన్న పాము మాటకు దానికి తేడా పెద్దగా లేదు.

చట్టం ఈ నెట్టుడును చాలావరకు ముందే ఊహించింది. 1988 నాటి చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. పాలసీ తీసుకున్న యజమాని మొదటి పక్షం, బీమా సంస్థ రెండో పక్షం, ఆ బండి వల్ల నష్టపోయే బయటివారు మూడో పక్షం. కిరాయి ఇచ్చి ఆటో ఎక్కిన ప్రయాణికుడికీ ఈ రక్షణ వర్తిస్తుంది. యజమాని పాలసీ షరతులు తప్పిన చాలా సందర్భాలలో, ముందు బాధితుడికి చెల్లించి తరువాత యజమాని నుంచి రాబట్టుకోమని బీమా సంస్థను కోర్టులు ఆదేశిస్తూ వచ్చాయి. పరిమితికి మించి ఎక్కించుకున్న ఒక బస్సు కేసులో 2007లో సుప్రీంకోర్టు మరో మెలిక విప్పింది: పర్మిట్ ప్రకారం ఎందరికి బీమా వర్తిస్తుందో అందరి లెక్కన, పెద్ద మొత్తాల నుంచి మొదలుపెట్టి, సంస్థ సొమ్ము జమచేయాలి, ఆ సొమ్మును బాధితులందరికీ దామాషాలో పంచాలి, మిగిలింది బాధితులు యజమాని నుంచి రాబట్టుకోవాలి. ముగ్గురి బీమాతో పదిమంది ప్రయాణించే ఆటోలో ఎవరు లెక్కలోకి వచ్చిన ముగ్గురు, ఎవరు రాని ఏడుగురు అని విడదీయడం ధర్మం కాదన్న ఆలోచన ఈ తీర్పులో ఉంది.

ఈ ఆలోచనలు పూర్తిగా కొత్తవి కావు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం బండి ప్రమాదాలను విడిగా చర్చిస్తుంది. ముకుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసో చక్రమో విరిగినా, తప్పుకోమని తోలేవాడు ముందే కేక వేసినా శిక్ష లేదంటుంది. తోలేవాడి చేతకానితనం వల్ల బండి దారి తప్పి హాని జరిగితే యజమాని రెండు వందల పణాలు కట్టాలి. తోలేవాడు నేర్పరి అయితే శిక్ష అతడిది. తోలేవాడు చేతకానివాడైతే బండిలో ఎక్కినవారికి కూడా తలా వంద పణాల జరిమానా ఉంది. అదే అధ్యాయం, ఒకరి అవయవానికి గాయం చేసినవాడు సముత్థాన వ్యయం, అంటే ఆ మనిషి కోలుకుని లేచేదాకా అయ్యే ఖర్చు, భరించాలని చెబుతుంది. వర్ణాన్ని బట్టి శిక్షలు మార్చిన ఆ గ్రంథాన్ని ఈ కాలపు న్యాయానికి ప్రమాణంగా తీసుకోవలసిన పని లేదు. కర్మను నమ్మిన సమాజమే యంత్రలోపాన్నీ మనిషి తప్పునూ వేరుచేసి, వైద్యం ఖర్చు ఎవరిదో నిర్ణయించిందన్నది మాత్రం గమనించదగ్గది. పదమూడో శతాబ్దంలో కేతన తన విజ్ఞానేశ్వరీయం ద్వారా తెలుగువారికి పరిచయం చేసిన యాజ్ఞవల్క్య స్మృతి కూడా, ఒంటి చక్రంతో రథం నడవనట్లే పురుషప్రయత్నం లేకుండా దైవం ఫలించదని అంటుంది. పురుషప్రయత్నమంటే మనిషి తలపెట్టి చేసే పని. కేసు వేయడం కూడా అందులోదే.

నంద్యాల ప్రాంతంలో హిందువులతో కలిసి బతుకుతున్న ముస్లింల, క్రైస్తవుల గ్రంథాలు కూడా ఇక్కడికే వస్తాయి. ఖురాన్ నాలుగో సూరా, పొరపాటున ప్రాణం తీసినవాడు మృతుడి కుటుంబానికి దియా, అంటే ప్రాణనష్టానికి బదులుగా ఇచ్చే సొమ్ము, చెల్లించాలని, కుటుంబం దయతో వదులుకుంటే తప్ప అది తప్పదని చెబుతుంది. ఇస్లామీ ధర్మశాస్త్రంలో ఈ భారం ఒక్కడి మీద పడదు. ఆఖిలా అనే బంధువర్గం దాన్ని పంచుకుంటుంది. బైబిలులోని నిర్గమకాండము, దెబ్బ తిని మంచం పట్టినవాడికి పని పోయిన రోజుల నష్టం ఇచ్చి పూర్తిగా నయం చేయించమంటుంది; పొడిచే అలవాటున్న ఎద్దును తెలిసీ కట్టేయని యజమానిని బాధ్యుడిగా నిలబెడుతుంది. దేవుని చిత్తాన్ని నమ్మడం ఆ మతాలలోనూ బాకీని చెరపలేదు. పైగా ఆఖిలా అన్న ఏర్పాటులో బీమా తాలూకు నైతిక మూలం కనబడుతుంది: పొరపాటు ఎవరివల్లనైనా జరగవచ్చు కనుక దాని భారాన్ని చాలామంది కొంచెం కొంచెంగా మోయాలి. నేటి మోటారు వాహనాల చట్టంలో 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ, తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు కోరే వీలు కల్పించింది. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ దొరకకపోతే మృతుడి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు ఒక ప్రత్యేక నిధి నుంచి ఇస్తారు. కర్త ఎవరో తెలియనప్పుడు కూడా సమాజం చేతులు దులుపుకోకూడదన్నది దీని అర్థం.

అవయవానికి వెల కట్టవచ్చునా అన్న సందేహం ఇక్కడ ఎదురవుతుంది. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పేరుపొందిన ఊరు. అక్కడి ముప్పై ఏళ్ల శిల్పి ఒకరికి ఆటో ప్రమాదంలో కుడిచేతి వేళ్లు నలిగిపోయాయని, వైద్యులు ముప్పై శాతం వైకల్యమని సర్టిఫికెట్ ఇచ్చారని అనుకుంటే, అదే గాయం గుమాస్తా పని చేసేవాడికి కొంత ఇబ్బంది, శిల్పికి మాత్రం వృత్తే పోయినట్లు. అందుకే వైద్యులు చెప్పిన శాతంతో ఆగకుండా, సంపాదించే శక్తి ఎంత తగ్గిందో ట్రిబ్యునల్ విడిగా చూడాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నష్టం అరవై శాతమని ట్రిబ్యునల్ తేలిస్తే, నెలకు 15 వేల ఆదాయానికి భవిష్యత్తు పెరుగుదల కింద నలభై శాతం కలిపి 21 వేలు, ఏడాదికి 2,52,000, ఆ వయసుకు కోర్టు నిర్ణయించిన గుణకం పదిహేడుతో హెచ్చవేసి అరవై శాతం తీస్తే 25,70,400 రూపాయలు; వైద్యం ఖర్చులు, బాధకు ఇచ్చే సొమ్ము వేరే. ఈ లెక్క వేళ్లకు కట్టిన ధర కాదు, ఎందుకంటే ఆ సొమ్ము ఇస్తానంటే వేళ్లు ఇచ్చేవాడెవడూ ఉండడు. ఇది చేసిన హానికి మిగిలిన బాకీ, తీర్చగలిగినంత మేరకు తీర్చడం.

బాకీ అన్నాక అడిగేవాడికీ ధర్మం ఉంటుంది. లైసెన్సు లేనివాడు నడిపితే లైసెన్సు ఉన్నవాణ్ణి స్టీరింగు ముందు కూర్చున్నట్లు చూపడం, బీమా లేని బండి బదులు బీమా ఉన్న బండి నంబరు రాయించడం బీమా సంస్థ ఒక్కదాన్నే మోసగించడం కాదు. ప్రీమియం కట్టే లక్షలమంది ఉమ్మడి సొమ్ములోంచి నిజమైన బాధితుల వాటా తీసుకోవడం. మరోవైపు, రాత అనుకుని ఊరకుండేవారికి కాలం తోడురాదు. 2022 నుంచి అమలైన సవరణ దావాకు ఆరు నెలల గడువు పెట్టింది, దాని మీద సవాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

గౌతమి పామును వదిలేసిన తీరులోనే మిగతా సమాధానం ఉంది. ఆమె క్షమించగలిగింది, ఎందుకంటే శిక్షించే అవకాశం ఆమె చేతికి అందింది. పామును కట్టి తెచ్చి ఎదుట నిలిపిన తరువాతే ఆమె దాన్ని వదిలించింది. బాకీ ఉందని ఒప్పుకోని చోట క్షమకు తావు లేదు, అక్కడ మిగిలేది నిస్సహాయత ఒక్కటే. గాయపడినవారు తమకు రావలసినదాన్ని నిజం చెప్పి అడిగి తీసుకోవచ్చు, లోక్ అదాలత్‌లో రాజీపడి కొంత వదులుకోవచ్చు, పూర్తిగా మాఫీ చేయవచ్చు. వీటిలో ఏదీ కర్మ సిద్ధాంతానికి విరుద్ధం కాదు. ఆ ఎంపిక గాయపడినవారి తరఫున డ్రైవరో, యజమానో, బీమా సంస్థో, యాప్ సంస్థో చేయడం మాత్రమే ధర్మవిరుద్ధం.