ఆటలో ఇచ్చిన మాట

"ఆటే కదా, అందులో ఆడిన అబద్ధం కూడా పాపమేనా?" అని మన పిల్లలు అడిగితే ఏమని జవాబిస్తాం? "అవును" అనో "కాదు" అనో ఒక్క మాటలో తేల్చేసే ముందు కాస్త ఆలోచిద్దాం.

'డిప్లమసీ' అనే ఆటనే తీసుకుందాం. అమెరికాకు చెందిన అలన్ కాల్‌హామర్ రూపొందించిన ఈ ఆట 1959లో వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి ఐరోపా పటంపై ఏడుగురు ఏడు రాజ్యాల పక్షాన ఆడతారు. ఇందులో పాచికలుండవు. 34 కేంద్రాలలో 18 చేజిక్కించుకున్నవారే విజేత. ఒంటరిగా ఎదగడం కష్టం గనుక పొత్తులు తప్పవు. అయితే ఇచ్చిన మాటకు కట్టుబడాలన్న నియమం లేదు. ఎత్తులన్నీ రహస్యంగా రాసి, ఒకేసారి బయటపెడతారు. మిత్రుడు వెన్నుపోటు పొడిచిన సంగతి అప్పుడే తెలుస్తుంది. ఈ ఆటను నేడు ఇంటర్నెట్‌లో ముక్కూమొహం తెలియనివారితో ఆడుతున్నారు. ఆటగాళ్ళ సందేశాలను పరిశీలించిన కొందరు పరిశోధకులు 2015లో ఒక విషయం వెల్లడించారు. ఆప్యాయత, మర్యాద, రేపటి పథకాల ప్రస్తావన – మిత్రులిద్దరి మాటల్లో వీటి సమతూకం హఠాత్తుగా మారితే అది రానున్న ద్రోహానికి సూచన అట!

"నియమాలు అందరికీ తెలుసు, ఇక మోసమెక్కడిది?" అంటారు కొందరు. ఈ వాదనలో కొంత నిజముంది. చదరంగంలో మన ఎత్తును దాచుకోవడం మోసం కాదు. కాని అక్కడ మనం ఎవరికీ మాట ఇవ్వలేదు. ఇక్కడ అబద్ధం పనిచేసేది ఎదుటివాడు దాన్ని నిజమని నమ్మినప్పుడే. అతను ఓటమికి సిద్ధపడి వచ్చాడు, నిజమే. అంతమాత్రాన మన మాటను నమ్మి అతను తప్పు చేసినట్లా? తమాషాకైనా అబద్ధమాడకూడదన్నది హదీసుల బోధ.

"యుద్ధంలో ఎత్తుగడకు అనుమతి ఉంది కదా!" అని మరికొందరంటారు. ఉంది. అయితే ఒప్పందాన్ని భంగపరచడానికి ఆ అనుమతి వర్తించదని ఇమామ్ నవవీ (రహ్మ) వంటి పండితులు స్పష్టం చేశారు. హజ్రత్ ముఆవియా (రజి) కాలంలో రోమన్లతో ఒక ఒప్పందం ఉండేది. గడువు ముగియగానే దాడి చేయాలని ఆయన సైన్యంతో ముందుగానే బయలుదేరారు. గడువు లోపల దాడి జరగలేదు. ఒప్పందంలో అక్షరమూ తప్పలేదు. అయినా హజ్రత్ అమ్ర్ బిన్ అబసా (రజి) ఎదురొచ్చి, ఒప్పందాన్ని గడువు వరకు పాటించాలి, లేదా దాన్ని రద్దు చేస్తున్నామని ముందే బాహాటంగా తెలపాలి అన్న దైవప్రవక్త (స) బోధను గుర్తుచేశారు. ముఆవియా (రజి) సైన్యంతో వెనుదిరిగారు.

నిజమైన శత్రువు విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే, సరదాకు ఆడే ఆటలో మాట తప్పాల్సిన అగత్యమేముంది? కాబట్టి పిల్లలను ఆట మానమని గద్దించడం కన్నా ఆడే పద్ధతి నేర్పుదాం. పథకం దాచుకోవచ్చు, మౌనంగా ఉండవచ్చు. మాట ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఇస్తే మాత్రం నిలుపుకోవాలి. పొత్తు వద్దనుకుంటే "ఇక నా దారి నాది" అని ముందే చెప్పాలి. గెలుపు కోసం అల్లాహ్ పేరిట ప్రమాణాలు చేయడం, స్నేహాన్నో చుట్టరికాన్నో ఎరగా వేయడం ఎంతమాత్రం తగదు.

ఇలా ఆడితే కొన్ని ఆటలు ఓడిపోతాం. అయితేనేం? ఆట ముగిశాక బల్ల మీది రాజ్యాలు మిగలవు. మాట నిలుపుకునే అలవాటో, తప్పే అలవాటో మాత్రం మనతోపాటే లేచి ఇంట్లోకి, బజారులోకి వస్తుంది.