లాటిను రాని శిష్యుడు



ఏటా వేసవిలో పదవ తరగతి, ఇంటర్ ఫలితాలు వెలువడగానే మన విచారణల్లో కొన్ని ఇళ్లవారు మిఠాయిలు పంచుతారు, కొన్ని ఇళ్లవారు తలుపులు మూసుకుంటారు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తరువాత ఇరవైమందికి పైగా బిడ్డలు ప్రాణాలు తీసుకున్న సంగతి మీరు మరచిపోయి ఉండరు. తలుపులు మూసుకున్న ఆ ఇళ్లవారితోనే ఈ వారం నా మాటలు.

విచారణ గురువుల పాలక పునీతుడు జాన్ మరియ వియాన్ని ఎన్ని పరీక్షల్లో తప్పాడో మీరెరుగుదురా? 1786లో ఫ్రాన్సులో లియోన్ పట్టణం దగ్గర రైతు కుటుంబంలో పుట్టాడు. విప్లవం రోజుల్లో చదువు సరిగా సాగలేదు. ఇరవై ఏళ్ల వయసులో ఎక్యుల్లి గ్రామ గురువైన బల్లే స్వామివారి దగ్గర లాటిను మొదలుపెట్టాడు. పక్కన కూర్చున్నవాళ్లు చిన్నపిల్లలు. పాఠం ఎంత చెప్పినా ఎక్కడం లేదని విసిగి, వారిలో మత్తియాస్ లోరాస్ అనే కుర్రవాడు ఆయనను కొట్టాడట. వియాన్ని ఆ పసివాని ముందే మోకరిల్లి క్షమాపణ అడిగాడు. (ఆ కుర్రవాడే తరువాత అమెరికాలో డుబూక్ మేత్రాసనానికి తొలి మేత్రాణులయ్యాడు.)

పెద్ద గురువిద్యాలయంలో పాఠాలన్నీ లాటినులోనే. 1813లో చేరిన వియాన్నిని కొద్ది నెలలకే ఇంటికి పంపివేశారు. తత్త్వశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్న మావంటివారికి ఇది కాస్త మింగుడుపడని కథే!

ఇక్కడ బల్లే స్వామివారిని చూడండి. శిష్యుడు తప్పిన మాట ఆయన దాచలేదు, అలాగని తిట్టనూ లేదు. తిరిగి ఇంటికి తెచ్చుకొని, అవే పాఠాలు ఫ్రెంచిలో చెప్పాడు. మళ్లీ పరీక్షకు వెళితే, పెద్దల ముందు లాటిను ప్రశ్నలకు వియాన్ని నోరు పెగల్లేదు. బల్లే వారు మేత్రాసన అధికారులను బతిమాలి, మాతృభాషలో పరీక్షించేటట్లు చేశారు. అప్పుడు తృప్తికరంగా జవాబులిచ్చాడు. 1815 ఆగస్టు 13న గ్రెనోబుల్‌లో గురుపట్టం అందుకున్నాడు.

లోపం ఎక్కడుందో వెదకకుండా "ఇంకా కష్టపడు" అని అరవడం పెంపకం కాదని నా అభిప్రాయం. బిడ్డ లెక్కల్లో తప్పాడా, లెక్కల ప్రశ్న ఉన్న ఇంగ్లీషులో తప్పాడా? అడిగి చూశారా? పక్కింటి పిల్లవాని మార్కులు ఆ రోజు ఎత్తకండి. సప్లిమెంటరీ పరీక్ష ఉంది. ఆ ఫీజు కట్టడానికి మీరూ వెంట వెళ్లండి. బిడ్డ అన్నం మాని, మాట మాని ఒంటరిగా కూర్చుంటే మాత్రం ఆ రాత్రి వదలి పడుకోకండి. దగ్గరే ఉండండి, మీ గురువును పిలవండి, వైద్యునికి చూపించండి. అది అవమానం కాదు.

బిడ్డలారా, మీకొక మాట. 1818లో వియాన్నిని సుమారు 230 మంది ఉన్న ఆర్స్ అనే చిన్న ఊరికి పంపారు. ఆయనకు పాపసంకీర్తనం చెప్పుకోవడానికి దేశం నలుమూలల నుండి జనం వచ్చారు. కొన్ని రోజులు పదహారు గంటలు ఆ పీటపైనే కూర్చునేవాడు. చేసిన పాపమే మళ్లీ చేసి సిగ్గుతో వచ్చినవారిని ఓర్చుకోవడం, ఎన్నోసార్లు తప్పినవానికి తెలియదా?

బల్లే స్వామివారు ఆ వైభవం చూడలేదు, 1817లోనే కన్నుమూశారు. అయితే కొత్త గురువుకు పాపసంకీర్తనం వినే అధికారం వచ్చినప్పుడు, ఆయన ముందు మొట్టమొదట మోకరిల్లినది మాత్రం ఆ వృద్ధ గురువేనట.