శనివారపు కప్పు, సోమవారపు ఆట

ధ్యానభాగములు: లూకా 16:10, గలతీ 6:9



గడచిన వేసవిలో మన మూడు దినముల కూటములు ముగిసిన మరునాడు ఉదయమున పందిరి విప్పుచున్న యౌవనస్థుడొకడు నన్ను చూచి, "అయ్యగారూ, రాత్రి ఇక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ఇవాళ మనమిద్దరమే. మళ్లీ ఏడాది దాకా ఇంతేనా?" అని అడిగెను. ఆ మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. తరువాత దానిని ఆలోచించుకొనుచుండగా, సెమినరీలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయుడొకరు చెప్పిన ఫుట్‌బాలు జట్టు కథ జ్ఞాపకమునకు వచ్చెను. పౌలు భక్తుడును పందెపు రంగమును చూపి సంఘమునకు బోధించెను గనుక (1 కొరింథీ 9:24-27), కాపరి ఆటల సంగతి ఎత్తెనేమని ఎవరును అనుకొనవద్దు.

ఇంగ్లాండు దేశములో ఒక్కొక్క జట్టు ఒకే ఏడాదిలో రెండు విధములైన పోటీలు ఆడును. ఒకటి కప్పు. ఇది మన ఊళ్లలో సంక్రాంతికి జరుగు కబడ్డీ పోటీలవంటిది. ఓడిన జట్టు ఇంటికి పోవును, గెలిచినది ముందుకు సాగును. రెండవది లీగు. ఇది ఆగష్టు మొదలు ఇంచుమించు ఏడాది పొడుగునా సాగును. నేను చెప్పబోవు కాలములో రెండవ శ్రేణి లీగులో 22 జట్లుండెను. ప్రతి జట్టు తక్కిన ప్రతి జట్టుతోను రెండు మారులు, అనగా మొత్తము 42 ఆటలు ఆడవలెను. గెలిచిన రెండు పాయింట్లు, సమమైన ఒకటి. చివరకు లెక్క కూడి, 1973 వరకు మొదటి రెండు జట్లను మాత్రమే పై శ్రేణికి ఎక్కించుచుండిరి.

ఆ దేశపు ఈశాన్యమున సముద్రతీరమందు సండర్లాండు అను పట్టణము కలదు. ఆ కాలమున అక్కడివారు ఓడలు కట్టియు, నేలలోనికి దిగి బొగ్గు త్రవ్వియు బ్రదికిన కష్టజీవులు. వారి జట్టు 1970లో మొదటి శ్రేణినుండి రెండవ శ్రేణికి జారెను. 1972 నవంబరు చివర బాబ్ స్టోకో అనునతడు మేనేజరుగా వచ్చునప్పటికి అది ఆ రెండవ శ్రేణిలోనే అడుగుకు దగ్గరగా ఉండెను. ఇంకను జారుదుమేమో అను భయము అందరికిని పట్టుకొనెను.

1973 జనవరిలో కప్పు ఆటలు వచ్చెను. మొదట నాట్స్ కౌంటీతో 1-1 సమము. మరల ఆడి 2-0తో గెలిచిరి. రీడింగుతోను 1-1 సమమే. మరల ఆడి 3-1తో గెలిచిరి. తరువాత మొదటి శ్రేణికి చెందిన మాంచెస్టరు సిటీతో 2-2 సమము. సొంత ఊర మరల ఆడి 3-1తో గెలిచిరి. ల్యూటనును 2-0తోను, 1971లో లీగును కప్పును రెంటిని గెలిచిన ఆర్సెనలును 2-1తోను ఓడించిరి. ఈ విధముగా వారు చివరి ఆటకు చేరిరి.

ఆ ఆట 1973 మే 5వ తేదీ శనివారమున లండనులోని వెంబ్లీ మైదానమున జరిగెను. చూడవచ్చినవారు లక్షమంది. ఎదుట నిలిచినది అంతకుముందు ఏడు కప్పు గెలిచిన లీడ్స్ జట్టు. ఆట మొదలైన అరగంటకు మూలనుండి వచ్చిన బంతిని ఇయాన్ పోర్టర్‌ఫీల్డు గోలులోనికి కొట్టెను. అతనిది ఎడమకాలి వాటము; అయినను ఆ గోలు కొట్టినది కుడికాలితో. రెండవ సగములో లీడ్స్ ఆటగాడు చెర్రీ తలతో కొట్టిన బంతిని గోలుకాపరి జిమ్ మాంట్‌గోమరీ దూకి త్రోసెను. అది పోయి లోరిమరు అనువాని కాళ్లయొద్ద పడెను. గురి తప్పని, బలమైన కాలు అతనిది. అతడు కొట్టెను, నేలబడిన గోలుకాపరి మరల లేచి దానినికూడ పైకి మళ్లింపగా, బంతి అడ్డుకమ్మికి తగిలి తిరిగివచ్చెను. ఆట 1-0తో ముగిసెను. రెండవ శ్రేణి జట్టు కప్పు గెలుచుట 1931 తరువాత అదియే మొదటిసారి. ముగింపు ఈల వినబడగానే స్టోకో మైదానమునకు అడ్డముగా పరుగెత్తిపోయి గోలుకాపరిని కౌగలించుకొనెను.

మనవారు చెప్పుకొను కథ ఇక్కడ ఆగును. చిన్నవాడు పెద్దవానిని పడగొట్టెను. దావీదు గొల్యాతులవలెనే గదా అందుము. అది నిజమే, సంతోషింపదగినదే. గాని దాని తరువాత జరిగినది వినుడి.

కప్పు గెలిచినది శనివారము. సోమవారము వారు వేల్సు దేశమందలి కార్డిఫ్‌లో లీగు ఆట ఆడవలసివచ్చెను. అక్కడ 1-1 సమము. ఆ వారములోనే సొంత ఊర లండను జట్టొకటి వారిని 3-0తో ఓడించెను. కప్పు గెలిచిరని లీగులో ఒక్క పాయింటైనను ఎక్కువ ఇయ్యలేదు. ఆ ఏడు లీగులో వారిది ఆరవ స్థానము. దేశమంతయు మెచ్చిన జట్టు మరల రెండవ శ్రేణిలోనే ఉండిపోయెను. మరు ఏడును ఆరవ స్థానమే. ఆ తరువాత నాలుగవది. 1976లో ప్రథమస్థానము సంపాదించి పై శ్రేణికి ఎక్కిరి. మే నెల ఎండలో ఒక దినమున దొరికిన కప్పు చేయలేని పనిని, మూడేండ్లు వానలోను బురదలోను ఆడిన ఆటలు చేసెను. అయినను 1977లో వారు మరల క్రిందికి దిగిరి. నిలిచియున్నామనుకొనువారిని పౌలు ఎందుకు హెచ్చరించెనో (1 కొరింథీ 10:12) దీనివలన తెలియుచున్నది.

ఇంకొక సంగతి. మాంట్‌గోమరీ రెండు మారులు బంతిని ఆపినది రెప్పపాటులో. గాని అతడు ఆ పట్టణమున పుట్టినవాడే. అప్పటికి పదేండ్లకు పైగా ఆ జట్టు గోలును కాచుచుండెను. లక్షమంది చూచిన ఆ క్షణమునకు వెనుక, ఎవరును తలపెట్టుకొనని వందలకొలది ఆటలు ఉండెను.

ప్రియులారా, మన కూటములు, క్రిస్మసు, కోతపండుగ ఇవి మనకు కప్పు ఆటలు. దేవుడు వాటిని దీవించును. వాటిని తక్కువ చేయుట నా తలంపు కాదు. గాని సోమవారము మన లీగు. కూటములలో కన్నీటితో చేతులెత్తిన సహోదరుడు సోమవారము పొలముగట్టు కాడ తన అన్నతో మాటలాడెనా? సాక్ష్యము చెప్పిన తల్లి ఇంటికి పోయి కోడలితో ఎట్లు పలికెను? కొంచెములో నమ్మకమును గూర్చి ప్రభువు చెప్పిన మాట (లూకా 16:10) ఈ దినములను గూర్చినదే.

మిమ్మును అడుగుటకు ముందు నా తప్పు ఒప్పుకొనవలెను. మన సంఘములో ఒక వృద్ధురాలు ఏండ్ల తరబడి ప్రతి శనివారము సాయంకాలము దేవాలయము ఊడ్చి, దీపపు గాజులు తుడిచి, చాపలు పరచుచున్నది. మొన్నటి కూటములకు ముందు ఆమె జ్వరముతో మూడు వారములు మంచమున పడెను. చాపలు దుమ్ము పట్టియుండుట చూచితిని గాని, ఎందుకని అడుగలేదు. ఆ మూడు వారములు నేను పందిరి లెక్కలు, బోధకుల రైలు బండ్లు చూచుకొనుచుంటిని. కూటములైన తరువాత పోతిని. ఆమె నన్ను నిందింపలేదు. "అయ్యగారూ, చాపలు ఎవరు పరిచారండీ?" అని మాత్రము అడిగెను. నేను తల వంచుకొంటిని. కప్పు కొరకు పరుగెత్తుచు లీగు ఓడిన కాపరిని నేనే.

ఆ మైదానమున స్టోకో మొదట గోలు కొట్టినవానియొద్దకు పోలేదు, కాపాడినవానియొద్దకు పోయెను. మన ప్రభువుకూడ ఆ దినమున ఎవరిని వెదకుచు మొదట వచ్చునో మనమెరుగము. వేదికమీద నిలిచిన నన్ను కాక, చాపలు పరచిన ఆ తల్లిని వెదకుచు వచ్చునేమో.

పందిరి విప్పిన తమ్మునికి ఇప్పుడు జవాబు చెప్పుచున్నాను. తమ్ముడా, మళ్లీ ఏడాది దాకా ఇంతే కాదు. ఆట ఆ ఉదయముననే మొదలైనది. మనమిద్దరమే ఉన్నను అది లెక్కలోనికి వచ్చును. విత్తినవాడు అలసి విడువకుండిన యెడల కోతకాలము తప్పదు (గలతీ 6:9).

ఈ నెలలో మనలో ప్రతివారును ఒక చిన్న పని ఎంచుకొందము: మాట మానిన ఇంటి గడప ఒకటి త్రొక్కుటయో, మంచమున ఉన్నవారి నొకరిని చూచుటయో. ఎవరికిని చెప్పకుండ నాలుగు వారములు విడువక చేయుదము.

ప్రార్థన: ప్రభువా, పండుగనాడు నిన్ను స్తుతించిన మా నోళ్లను పనిదినములలోను కాపాడుము. ఎవరును చూడనిచోట మమ్మును నమ్మకస్థులుగా నిలుపుము. ఆమేన్.

మీ సంఘకాపరి